ఇతరులు – ఇతరులకు ప్రవేశం లేదు

ఆళ్లగడ్డ పురప్రజలకు, నంద్యాల నుంచి వచ్చిపోయే ప్రయాణికులకు, ఒంటికి వచ్చి ఆపుకుంటున్న సమస్త జనానికి సంతోషంతో తెలియజేయడమేమనగా: సంత పక్కన ప్రజాసౌఖ్య సమితి వారు నడుపుతున్న మరుగుదొడ్లలో మూడో గది తయారైంది. కింద నున్నటి బేతంచెర్ల బండలు పరిచారు. కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. తలుపుకు లోపల గడియ కూడా ఉంది. ఈ రెండూ ఒకే గదిలో ఉండటం మన పక్క ఎప్పుడూ చూడనిది కనుక, కొందరు పెద్దమనుషులు దాన్ని చూసిపోవడానికి కుటుంబ సమేతంగా వచ్చారు.

ఈ గది ఎలా వచ్చిందో చెప్పకపోతే సమితి వారి కృషి మరుగున పడిపోతుంది. మరుగుదొడ్డికి ఆ గతి పట్టకూడదు.

సంత మూలమీద మహాలక్ష్మి బొరుగుల ఉగ్గాని బండి ఉంది. పుట్టినప్పుడు మహాలక్ష్మిని మగబిడ్డ అన్నారు. పెద్దయ్యాక ఆమె కాదంది. ఊరు కొన్నాళ్లు నవ్వింది, కొన్నాళ్లు రాళ్లు వేసింది, చివరికి ఆమె మిరపకాయ బజ్జీ రుచి చూసి 'మహాలక్ష్మక్కా' అనడం నేర్చుకుంది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఆమె 'స్త్రీ' అని రాసిన కార్డు కూడా సంపాదించుకుంది. దాన్ని ఊళ్లో అందరికీ చూపించింది. ఇప్పుడు ఆమె చేతి ఉగ్గాని తినడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె వచ్చి దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టనిదే ఆళ్లగడ్డలో కొత్త అంగడి తెరుచుకోదు. అభ్యంతరమల్లా ఆమె ఒంటికి పోతానంటేనే.

మగవాళ్ల వైపు పోతే ఈలలు. ఆడవాళ్ల వైపు పోతే బయట నిలబడ్డ మగవాళ్ల అరుపులు. అందుకని మహాలక్ష్మి పొద్దున బండి పెట్టింది మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా చుక్క నీళ్లు ముట్టదు. ఆళ్లగడ్డ రాళ్లకు పేరుపడిన ఊరు. రాయి కనిపిస్తే దేవుణ్ణి చెక్కే శిల్పులున్న ఊరు. ఆ ఊరి ధర్మం తప్పకుండా మహాలక్ష్మి కిడ్నీలోనూ ఒక రాయి తయారైంది. మన శిల్పుల ఉలి అంతదూరం పోదు. నంద్యాల డాక్టరు ఆమెను నీళ్లు బాగా తాగమన్నాడు.

"తాగేదానికేం సార్, తాగుతా. తాగినంక యాడికి పోవల్లో అది కూడా ఆ చీటీలోనే రాయండి" అంది మహాలక్ష్మి.

డాక్టరు రాయలేదు. ఆయన చదువులో అది లేదు.

ఆమె సమితి అధ్యక్షులు జయప్రకాష్ గారి దగ్గరికి పోయింది. ఆయన రోజూ ఆమె బండి దగ్గరే టిఫిన్ చేస్తారు. "అన్నా, ఆడోళ్ల పక్క పోనీండన్నా. నొప్పికి తట్టుకోల్యాకుండా ఉండా" అని చెప్పుకుంది. జయప్రకాష్ గారు బజ్జీ నమిలి మింగి, ఇది ఒక మనిషి నొప్పికి సంబంధించిన విషయం కాదనీ, సమాజ భవిష్యత్తుకు సంబంధించిన విషయమనీ, కాబట్టి నంద్యాలలో సభ పెట్టి తేల్చాలనీ సెలవిచ్చారు.

సభ ఘనంగా జరిగింది. అంశం: 'స్త్రీల మానమర్యాదలు – మరుగుదొడ్ల పాత్ర'. వేదిక మీద కుర్చీలు చాలనంతమంది పురుషులు ఆశీనులై స్త్రీల మర్యాద గురించి ఆందోళన పడ్డారు. మొదట జయప్రకాష్ గారు మైకు అందుకున్నారు.

"నోటితో చెప్పినంత మాత్రాన ఎవరైనా స్త్రీ అయిపోతారా? కార్డు చూపినంత మాత్రాన అయిపోతారా? రేప్పొద్దున నేనే స్త్రీనని చెప్పి లోపలికి పోతే మీరేం చేస్తారు?"

కింద కూర్చున్న ఆడవాళ్లు కొందరు ఉలిక్కిపడి ఆయన వైపు చూశారు. ఆయన మీద వాళ్లకు అంత నమ్మకం. అధ్యక్షులు దాన్ని తమ వాదనకు వచ్చిన మద్దతుగా స్వీకరించారు.

తర్వాత రిటైర్డు తెలుగు పండితులు ఇమ్మానుయేలు మాస్టారు లేచి, సమస్యను వ్యాకరణం ద్వారా పరిష్కరిస్తానన్నారు. "సభాసదులారా! తెలుగులో 'రాముడు వచ్చాడు' అంటాము. కానీ 'సీత వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది' అంటాము. అనగా ఏకవచనమందు పురుషునికి ఒక తలుపు, తక్కిన సృష్టి అంతటికీ ఒక తలుపు. ఇక బహువచనమందు మగవాళ్లూ వచ్చారు, ఆడవాళ్లూ వచ్చారు. అక్కడ అందరికీ ఒకటే తలుపు. కావున మహాలక్ష్మి ఒంటరిగా వచ్చిన ఎడల స్త్రీల వైపునకు పోవచ్చును. నలుగురితో కలిసి వచ్చిన ఎడల ఎటైనా పోవచ్చును!"

మాస్టారు పొరపాటున న్యాయంగా మాట్లాడుతున్నారని గ్రహించి నిర్వాహకులు మైకు ఆపేశారు.

ఈ విషయంలో స్త్రీల అభిప్రాయం కూడా తీసుకోవాలని ఎవరికో తోచింది. సంతలో గాజుల అంగడి పెట్టుకున్న అజీజున్నీసాను లేపారు. "ఆయమ్మ మా అంగడికి ఎదురుంగానే ఉంటాది. రానీండి లోపలికి. మాకు ఆయమ్మతో ఏం భయం ల్యాదు. ఆడ లైటు ల్యాదు, తలుపుకు గడియ ల్యాదు, మీ మొగపిల్లోళ్లు గోడెక్కి తొంగి చూస్తాండారు. మా భయమంతా వాళ్లతోనే. ముందు ఆ గడియ సంగతి చూడండి" అని ఆమె కూర్చుంది. 'మహిళా ప్రతినిధి భయం వ్యక్తం చేశారు' అని సభా నివేదికలో రాసుకున్నారు.

మధ్యలో విరామం ఇచ్చారు. హాలులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. పురుష ప్రతినిధులు 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని రాసిన వెనక గోడ దగ్గర వరసగా నిలబడి చర్చ కొనసాగించారు. స్త్రీ ప్రతినిధులు ఇంటికి పోయేదాకా ఆపుకున్నారు. సభ వాళ్ల మర్యాద గురించే కదా.

ఎట్టకేలకు మూడో గది కట్టాలని తీర్మానమైంది. దానికేం పేరు పెట్టాలని మళ్లీ చర్చ జరిగింది. పేరు పెట్టి పిలిస్తే మనిషని ఒప్పుకున్నట్టవుతుందని కొందరు భయపడ్డారు. అప్పుడెవరో దరఖాస్తుల్లో స్త్రీ, పురుష గళ్ల తర్వాత వచ్చే మూడో మాట గుర్తుచేశారు. 'ఇతరులు'. ఎవరినీ పిలవకుండానే అందరినీ పక్కకు నెట్టగల మాట. సభ చప్పట్లు కొట్టింది.

పేర్లు రంగుతో రాయిస్తే చెరిగిపోతాయనీ, ఆళ్లగడ్డ పరువుకు తగినట్టు నల్లరాతి మీద చెక్కించాలనీ నిర్ణయించి, పని కంబగిరి ఆచారికి అప్పగించారు. ఆచారి ఫోన్ చేసి ఏం చెక్కమంటారని అడిగితే జయప్రకాష్ గారు, "మూడింటికీ ఒకటే మాదిరి చెక్కప్పా. తేడా చూపించినామనే మాట మనకు రాగూడదు" అన్నారు. ఆచారి మాట తప్పే మనిషి కాదు. మొదటి రాయి మీద 'స్త్రీలు – ఇతరులకు ప్రవేశం లేదు' అని చెక్కాడు. రెండో రాయి మీద 'పురుషులు – ఇతరులకు ప్రవేశం లేదు' అని చెక్కాడు. మూడో రాయి మీద, ఒకటే మాదిరిగా, 'ఇతరులు – ఇతరులకు ప్రవేశం లేదు' అని చెక్కాడు. మన తలుపుల మీద లోపలికి ఎవరు రావచ్చో రాసినా రాయకపోయినా, ఎవరు రాకూడదో మాత్రం తప్పకుండా రాస్తాం. అది తెలిసినవాడు కనుక ఆచారికి ఇందులో వింతేమీ కనబడలేదు.

మూడు రాళ్లూ గోడలో అమర్చి, సిమెంటు ఆరాక గానీ ఎవరూ చదవలేదు. సరిచేయమంటే ఆచారి తల అడ్డంగా ఊపాడు. "దేవుని ముక్కు పెద్దదైతే రోంత తీస్తా. అచ్చరాన్ని యాడికని తీసేదప్పా?"

ప్రారంభోత్సవానికి మహాలక్ష్మినే పిలిచారు. ఆమె గదికి దిష్టి తీసింది. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టి, "నీళ్లు పారినట్ల మీ ఇండ్లల్లో దుడ్లు పారల్ల" అని సమితి సభ్యులందరినీ దీవించింది. జయప్రకాష్ గారు రిబ్బను కత్తిరించారు. ఫోటోలు అయ్యాక మహాలక్ష్మి చేతులు కడుక్కుని, నడుము పట్టుకుని, ఆ రోజు పొద్దున్నుంచి ధైర్యంగా తాగిన నీళ్లతో తలుపు దగ్గరికి పోయింది. కాపలా మద్దిలేటి కర్ర అడ్డం పెట్టాడు.

"ఇతరులకు ప్రవేశం ల్యాదని ఉండాదక్కా."

"దాని మింద ఇతరులనే రాసిండారు గదప్పా."

"ఆ ఇతరులు వేరే, ఈ ఇతరులు వేరే కావచ్చు. నాకేం తెల్సు? పెద్దోళ్లు చెప్పల్ల."

గదికి తాళం పడింది. మహాలక్ష్మి కళ్లనీళ్లు పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది. ఆమె బండి దగ్గర ఉగ్గాని మాడిపోయిందని ఊరు చాలా బాధపడింది.

స్పష్టత కోసం నంద్యాలలో రెండో సభ పెట్టారు. టీలు, మజ్జిగ, మళ్లీ టీలు తాగుతూ కోడిపుంజు నుంచి ఉపనిషత్తుల దాకా అన్నింటినీ ఉదహరించి, చివరికి ఇలా తేల్చారు: రాతి మీది మొదటి ఇతరులు లోపలి ఇతరులు, రెండో ఇతరులు బయటి ఇతరులు. ఎవరైతే 'నేను ఇతరులను' అని నలుగురిలో నోటితో చెబుతారో వారే లోపలి ఇతరులు. సిగ్గున్నవాళ్లు ఎవరూ చెప్పరు కాబట్టి దుర్వినియోగం ఉండదు. ఈ తీర్పును అధ్యక్షులే ఫోన్లో మద్దిలేటికి చెప్పి, ఒక్క అక్షరం తప్పకుండా అమలు చేయమన్నారు.

తిరుగు దారిలోనే అధ్యక్షులకు అవసరమొచ్చింది. ఆయనకు షుగరు. నంద్యాల రోడ్డు మీది గుంతలు ఒక్కొక్కటీ ఆయనను పలకరించాయి. ఆళ్లగడ్డ చేరేసరికి పురుషుల గది పొంగి గడప దాటి పారుతోంది. ఊరంతా ఉన్న గోడలను ఆశ్రయిద్దామంటే ఆ రోజు సంత. ప్రతి గోడకూ ఆనుకుని ఒక ఆడమనిషి కూరగాయలు పరుచుకుంది. జయప్రకాష్ గారు కాళ్లు దగ్గరగా పెట్టి మూడో తలుపు దగ్గరికి వచ్చారు. మద్దిలేటి లేచి దండం పెట్టి, కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవురు సార్ మీరు?"

"ఎవురంటావేందిరా! కండ్లు కనపల్యా?"

"మీరని తెల్సు సార్. నోటితో చెప్పల్లన్నారు గదా."

"ఇతరుణ్ణి" అన్నారు అధ్యక్షులు మెల్లగా.

"నలుగురిలో అన్నారు సార్. ఆ పెద్దమ్మకు వినపడల్యా."

వంకాయలు అమ్ముకునే పెద్దమ్మ చెవి ఇటు తిప్పింది.

"ఇతరుణ్ణిరా నాయనా! నేను ఇతరుణ్ణి! కర్ర తీయ్!"

సంతంతా విన్నది. అధ్యక్షులు లోపలికి పోయారు. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో ఉన్న శాంతి చూసి జనానికి ఆ గది మీద గౌరవం పెరిగింది.

అంతే, ఆళ్లగడ్డలో సిగ్గు తెగింది. వ్యాపారులు ఇతరులమన్నారు. శ్రీశైలం పోయే భక్తులు వ్యాను ఆపి మూకుమ్మడిగా ఇతరులమన్నారు. ఇమ్మానుయేలు మాస్టారు "మేము ఇతరులము" అని గౌరవ బహువచనంలో ప్రకటించారు. గడియ ఉందని తెలిసి ఆడవాళ్లూ వచ్చి ఇతరులమన్నారు. వాళ్లను మాత్రం నేను తప్పుపట్టను. ఎవరు ఏ తలుపులోకి రాకూడదో సభల్లో గొంతులు చించుకుని చెప్పినవాళ్లందరూ ఒకే తలుపు ముందు ఒకే వరసలో నిలబడ్డారు. ఆకాశం విరిగి ఎవరి మీదా పడలేదు.

మహాలక్ష్మికి కబురు అందింది. బండి అజీజున్నీసాకు అప్పగించి వచ్చి వరసలో నిలబడింది. నొప్పికి ముఖమంతా చెమట పట్టింది. తన వంతు వచ్చింది. కార్డు కోసం అన్ని గడపలు ఎక్కి దిగిన మనిషి, నేను ఆడదాన్నని జీవితమంతా చెప్పిన మనిషి, కళ్లు మూసుకుని, "సరేప్పా. నేనూ ఇతరులే" అంది. ఆ మాట ఆమె నోటివెంట రావడం నాకు నచ్చలేదు. ఆమెకు అంతకన్నా నచ్చి ఉండదు.

మద్దిలేటి నొచ్చుకున్నాడు. "అబద్దం చెప్తాండావక్కా. నీ కార్డులో స్త్రీ అని ఉండాది. నువ్వే చూపించినావు గదా."

"అయితే ఆడోళ్ల పక్క పోదునా?"

"ఆడ నీ కార్డు చెల్లదని సభలో అన్నారు గదక్కా."

"మరి ఈడ?"

"ఈడ చెల్లుతాది."

వెనక ఎవరో తొందరగా కానీయమన్నారు. అజీజున్నీసా వచ్చి మద్దిలేటిని నాలుగు మాటలని, మహాలక్ష్మి చెయ్యి పట్టుకుని గాజుల అంగడి వెనకున్న తన ఇంటికి తీసుకుపోయింది. అప్పటినుంచి రోజూ అంతే. అజీజున్నీసా ఊరికి పోయిన రోజున మహాలక్ష్మి నీళ్లు తాగదు. రాయి పెరుగుతోందని డాక్టరు చెప్పాడు.

సమితి వార్షికోత్సవంలో జయప్రకాష్ గారు మళ్లీ మైకు అందుకున్నారు. "గర్వంగా చెబుతున్నాను, మన ఊళ్లో ఇప్పుడు ఇతరుల సమస్య అనేదే లేదు. ఎందుకంటే మనమందరం ఇతరులమే!" చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఎప్పుడైనా ఆళ్లగడ్డ మీదుగా పోతే మీరూ వాడుకోండి. గది శుభ్రంగా ఉంది, నీళ్లు వస్తున్నాయి. మద్దిలేటి అడిగితే మీరు ఇతరులని గట్టిగా చెప్పండి, చాలు. కార్డు ఎవరూ అడగరు. మీ వెనక ఒకావిడ నడుము పట్టుకుని నిలబడి ఉంటే జాలిపడి మీ వంతు ఆమెకిచ్చి వరస చెడగొట్టకండి. ఆమె ఇతరులు కాదు. మీరే.