ఓవర్ చేసిందెవరు?

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పికప్‌లో ఒక రేడియో, ఇంట్లో కిటికీ పక్కన ఇంకొకటి బిగించాలి. క్వారీకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంటికి మాట వినిపించి చూపించాలి. ఆ లోయలో ఫోన్లు పనిచేయవు కనుక, రేడియో లేని బండికి రాయి మోసే పని ఇవ్వరు. ఈ పని కూడా చేజారితే పికప్‌ను అమ్ముకోవడం తప్ప దారి లేదు.

పికప్ మామగారిది. యాంటెనా కోసం దాని పైకప్పుకు చిల్లు పెట్టనిచ్చేది లేదని ఆయన ముందే తేల్చేశారు. అల్లుడు ఆ బండి నడపడం మొదలుపెట్టి ఏళ్ళు గడిచినా, మెచ్చుకోలుగా ఒక్క ముక్క ఆయన నోట రాలేదు. అలాంటి మనిషి దగ్గర చిల్లు సంగతి మళ్ళీ ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది? అల్లుడు నోరు మూసుకుని, క్యాబిన్ వెనకున్న ఇనుప కమ్మీకి యాంటెనా బిగించి, వైరును తలుపు సందులోంచి లోపలికి లాగాడు.

అల్లుడు క్వారీ చేరేసరికి సూపర్‌వైజర్ తన రేడియో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అక్కడి లారీలన్నీ అదే చానెల్ వింటాయి. ఇంట్లో రేడియో దగ్గర భార్య కూర్చోవాలి. సరిగ్గా పిలుపు వెళ్ళే సమయానికి ఆమె బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. మామగారు మైకు అందుకున్నారు. తలుపు వేసినప్పుడు వైరు నలిగినట్టుంది, అల్లుడు ఎంతో వినయంగా చెప్పినదాంట్లో ఆయనకు చేరింది రెండే ముక్కలు.

"మామయ్యా... ఓవర్."

"నేనేం ఓవర్ చేశాను?" అన్నారు మామగారు.

అల్లుడు గబగబా తలుపు తెరిచి వైరు సర్దాడు. రేడియోలో మాట పూర్తయ్యాక అలా అనడం పద్ధతని నచ్చజెప్పబోయాడు. "మీరు కూడా చివర్లో ఓవర్ అనాలి మామయ్యా. ఓవర్."

వైరు చక్కగా కుదిరింది కనుక ఈసారి రెండు ఓవర్లూ స్పష్టంగా వినిపించాయి.

మామగారు అప్పుడే దిగివచ్చిన కూతురి వైపు తిరిగారు. కోపంలో ఆయన బొటనవేలు మైకు బటన్ మీదే బిగుసుకుపోయింది. బటన్ నొక్కి ఉన్నంతసేపూ మాట్లాడేది ఆయన, వినేది క్వారీ. పని పోయినట్టేనని అల్లుడు తల పట్టుకున్నాడు.

"మీ ఆయన దృష్టిలో నేను ఓవర్ చేస్తున్నానట. ఓవర్ చేసేవాణ్నే అయితే, నా అల్లుడంత మంచి డ్రైవర్ లేడని ఊరంతా చాటేవాణ్ని. చాటానా? బండిని నాకంటే బాగా చూసుకుంటాడని ఎప్పుడైనా అన్నానా? అన్నీ కడుపులో పెట్టుకున్నాను. నేను ఓవర్ చేస్తానట!"

కూతురు మెల్లగా ఆయన వేలు తీసింది.

క్వారీలో అల్లుడు యాంటెనాను పరిశీలిస్తున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి అంత సంతోషం పెళ్ళిలో కూడా కలగలేదు.

"రేడియో బాగుందండి, ప్రతి మాటా వినిపించింది," అన్నాడు సూపర్‌వైజర్. "డ్రైవర్ సంగతి ఎవరినైనా అడుగుదామనుకున్నాను. ఇక అక్కర్లేదు. రేపట్నుంచి బండి తీసుకురండి."

ఆ మాటలు కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదని మామగారు ఇప్పటికీ నమ్ముతున్నారు. క్వారీ డ్రైవర్లందరూ దారిలో ఎదురైనప్పుడల్లా ఆయనకు ఎందుకు నవ్వుతూ దండం పెడతారని అడిగితే, అది తన వయసుకిచ్చే మర్యాద అంటారు.