మా బాల్కనీలో పండిన కె.ఆర్.పురం ఆలుగడ్డలు

ముందే ఒప్పేసుకుంటున్నాను. బెంగళూరు హూడిలో మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు బాల్కనీలో, అశేష జనవాహిని సమక్షంలో నేను తవ్వి తీసిన ఆలుగడ్డలు కె.ఆర్.పురం మార్కెట్లో కొన్నవి. తొందరపడి మోసం అనకండి. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని డెమో అంటారు. అసలు సరుకు తయారుకానప్పుడు, క్లయింటుకి చూపించే డేటా మనమే నింపుకోవడం మా వృత్తిధర్మం.

మొదట్లో నా ఉద్దేశం పవిత్రమైనదే. వంటింట్లో మొలకెత్తిన ఆలుగడ్డల్ని పారేయడానికి బద్ధకమేసి వ్యవసాయంలోకి దిగాను. మట్టి నింపి మొక్కలు పెంచే గ్రో బ్యాగులు తెచ్చాను. తేమ కొలిచే సెన్సర్ పెట్టి, అది ఫోన్‌కి మెసేజ్ కొట్టేలా ప్రోగ్రామ్ రాశాను. మట్టికి దాహమేస్తే మీటింగ్ మధ్యలో నా ఫోన్ మోగేది. నాకు దాహమేస్తే ఏదీ మోగేది కాదు. ఎరువు మాత్రం ప్రేమకొద్దీ వేశాను. మొక్కలు నడుమెత్తు పెరిగాయి.

"ఏంటే ఇది, తోటా అడవా? లోపల్నించి ఏదన్నా దూకుతుందేమో!" అంది పక్క ఫ్లాట్ జెస్సీ. నేను దాన్ని ప్రశంసగా స్వీకరించాను.

చిక్కు నీళ్ళతో వచ్చింది. నా బ్యాగుల మట్టినీళ్ళు కింది ఫ్లాట్ లక్ష్మీదేవమ్మగారు ఆరేసుకున్న పట్టుచీర మీదికి దిగాయి. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి పద్మనాభంగారు విచారణ సంఘంతో సహా, అంటే లక్ష్మీదేవమ్మగారితో సహా, విచ్చేశారు.

"ఆకులు శానా బాగుండాయమ్మా. గడ్డ ఎక్కడుండాది?"

"లోపలుంది సార్."

"అయితే ఆదివారం అందరి ముందరా తవ్వు. గడ్డ వస్తే తోట ఉంటాది. రాలేదంటే బిల్డింగులో ఒక్క కుండీ ఉండేదానికి లేదు, ఎవురిదైనా సరే."

జెస్సీ మొహం పాలిపోయింది. ఆమె కరివేపాకు మొక్కని వాళ్ళమ్మ ఒంగోలు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. "నీ గడ్డలకేమైనా అయితే నా కరివేపాకు పోతుందే. చూస్కో మరి," అంది.

శనివారం మట్టిలో చెయ్యి పెట్టి వెతికాను. వేర్లే తగిలాయి. ఎరువంతా ఆకులే తినేశాయి. తర్వాత నేనెక్కడికి వెళ్ళానో మీకు తెలుసు.

ఆదివారం పద్మనాభంగారు ప్రసంగించారు. "ఈ కాలం పిల్లోళ్ళు కంప్యూటర్నే కాదప్పా, భూమితల్లిని కూడా నమ్ముకోనుండారు!" చప్పట్ల మధ్య గడ్డ తర్వాత గడ్డ తీశాను. అన్నీ నిగనిగలాడుతూ ఒకే సైజులో ఉన్నాయి. అదంతా సెన్సర్ మహిమేనని జనం తేల్చారు.

చివరి బ్యాగు అడుగున వేలికి ఏదో తగిలింది. ఉసిరికాయంత ఉంది. వేరు పట్టుకుని వేలాడుతోంది. అది నేను పాతింది కాదు, నిజంగా పండింది. మట్టి తుడిచి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాను. పద్మనాభంగారు కళ్ళద్దాలు సర్దుకుని చూశారు.

"ఇదేందమ్మా, రోగమొచ్చిన గడ్డ? పారేయ్. ఫోటోలో పడితే పరువు పోతాది."

పారేశాను. మేనేజర్ మాట విన్నంత వినయంగా.

కరివేపాకు బతికింది. కుండీలన్నీ బతికాయి. సంఘం మాత్రం అంతటితో ఆగలేదు. పర్యావరణ హితం దృష్ట్యా ప్రతి బాల్కనీలోనూ ఆలుగడ్డ సాగు తప్పనిసరి చేస్తూ, పంట ప్రదర్శన జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ ప్రదర్శన ముందు రోజు నేను యథావిధిగా కె.ఆర్.పురం మార్కెట్‌కి వెళ్ళాను. ఆలుగడ్డల కుప్ప చుట్టూ మా బిల్డింగే ఉంది. "కడిగినవి వద్దప్పా, మన్ను అంటుకోనుండేవి ఇయ్యి," అంటున్నారు లక్ష్మీదేవమ్మగారు. ఆవిడ వెనక సంచి పట్టుకుని పద్మనాభంగారు వరసలో ఉన్నారు. ఒకరికొకరం నమస్కారాలు పెట్టుకున్నాం. ఎండలు ముదిరాయని అందరం అంగీకరించాం.

ఆ ఉసిరికాయంత గడ్డ సంగతంటారా? ఆ ఆదివారమే జనం వెళ్ళిపోయాక చెత్తబుట్టలోంచి తీసి, కడిగి, ఉప్పేసి ఉడకబెట్టుకుని తిన్నాను. బాగుంది. ఎవరికీ చెప్పలేదు.

మీ ఇంటి పంట కబుర్లు కూడా రాయండి. ఫోటోలు పంపొద్దు, అవి రోజూ చూస్తూనే ఉన్నాం. ఏ మార్కెట్లో కొన్నారో రాస్తే చాలు.