ఎనిమిదో మహిళా సంఘం

"మన ఏడు మహిళా సంఘాలూ ఏకమై ఒక్క పేరు చెబితే, కౌన్సిలర్ టికెట్ ఆ సోదరికే" అని మంత్రిగారు వేదిక మీద ప్రకటించారు. మహిళల రాజకీయ భాగస్వామ్యం పట్ల ఆయన నిబద్ధత ఎంతటిదంటే, ఆ మాట కాగితం చూడకుండానే చెప్పారు. తర్వాత పార్టీ మహిళా సంఘాల సమన్వయకర్త వైపు వంగి, "ఏడుగురు ఆడవాళ్లు ఒక్క మాట మీదికి రావడం ఈ జన్మలో జరగదులే. మా ఆవిడ నామినేషన్ రెడీ చెయ్యి" అన్నారు.

సమన్వయకర్త నవ్వాడు గానీ, పాపం, అతనికి తెలిసిన సంగతి వేరు. ఆ ఏడు సంఘాల్లోనూ ఉన్నది ఒకే నలభైమంది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేవాళ్లు. సోమవారం ఆకుపచ్చ బ్యాడ్జీ పెట్టుకుంటే చైతన్య సంఘం, గురువారం పసుపు బ్యాడ్జీతో వికాస సంఘం. మూడేళ్లుగా అతను ఒంటిచేత్తో సాధించిన ప్రగతి ఇది. అందుకే అతనికొక ఆఫీసు గది, కారు ఇచ్చారు. నిజం చెబితే రెండూ పోతాయి.

మర్నాడే ఏడు ఉత్తరాలొచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే పేరు, కాలర్లు కుట్టే అక్కది. ఫ్యాక్టరీ పక్కన పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం పెట్టమని నాలుగుసార్లు అర్జీ పెట్టి, నాలుగుసార్లూ చీవాట్లు తిన్న మనిషి ఆమె.

సమన్వయకర్త ఫ్యాక్టరీకి పరిగెత్తాడు. "ఏంటక్కా ఇది? కనీసం రెండు సంఘాలైనా పోట్లాడుకోవచ్చు కదా."

"ఎవరితో పోట్లాడాలి సార్? పసుపు బ్యాడ్జీ కూడా నేనేగా." ఆమె మిషన్ ఆపలేదు. "ఐకమత్యం మీద మీరే ఏడుసార్లు ట్రైనింగిచ్చారు. నోటికొచ్చేసింది."

మంత్రిగారు ఉత్తరాలు తిరగేశారు. "ఒక్కరు కూడా అలగలేదా?"

"లేదండి. బాగా చైతన్యం వచ్చింది."

"ఎక్కువ తెప్పించావయ్యా. నా మాట పేపర్లో కూడా వచ్చేసింది." కళ్లు మూసుకుని ఆలోచించారు. ప్రజాస్వామ్యానికి ఇలాంటి క్షణాలే ఊపిరి. "ఎనిమిదో సంఘం పెట్టు. మా ఆవిడ అధ్యక్షురాలు. సాయంత్రంలోగా మా ఆవిడ పేరే తీర్మానం చెయ్యాలి. ఏకాభిప్రాయం లేదు కాబట్టి నిర్ణయం నాదంటాను."

సభ్యుల కోసం సమన్వయకర్త కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఒక్కరూ దొరకలేదు. చివరికి నలభై ఊదా బ్యాడ్జీలు పట్టుకుని, షిఫ్టు దిగే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఈ ఒక్కసారికి అమ్మగారి పేరుకి చేతులెత్తండమ్మా. నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది."

"రంగు బాగుంది సార్" అన్నారు వాళ్లు, బ్యాడ్జీలు పెట్టుకుంటూ.

మీటింగు నడుస్తుండగానే మంత్రిగారి ఫోనొచ్చింది. "ఏమైంది?"

"నలభై ఒక్క ఓట్లూ కాలర్ల అక్కకేనండి."

"నలభై ఒకటీ ఎలాగయ్యా? మా ఆవిడ కూడా అక్కడే ఉందిగా."

"ఆ పేరు ప్రతిపాదించింది అమ్మగారేనండి."

"ఫోన్ ఆవిడకివ్వు."

సమన్వయకర్త ఫోన్ చాచాడు. అమ్మగారు అక్క పక్కన కూర్చుని, ఆమె నామినేషన్ ఫారం మీద ప్రతిపాదకురాలిగా సంతకం పెడుతూ, తలెత్తకుండానే తర్వాత అన్నట్టు చెయ్యి ఊపారు.

"మీటింగ్‌లో ఉన్నారండి" అన్నాడు సమన్వయకర్త.