గుసగుసగా మొక్కుకున్న మొక్కు

ఆ ఉదయం ప్రసోప్ పెట్టుకున్న పనులు రెండే. బజారుకు వెళ్ళి నూడుల్స్ పులుసులోకి పంది ఎముకలు తేవడం, దారిలో వంతెన పక్కన, ఊరిని కాచే తాతగారి గుడి దగ్గర ఆగి, ఎదుటి సెలూన్ వితూన్ పీడ విరగడ చెయ్యమని మొక్కుకోవడం. ఎముకలు బాగానే దొరికాయి. పేచ్చబురిలోని ఆ సందు మూడు వారాలపాటు నవ్వుకోవడానికి సరిపడా సరుకు రెండో పనిలోంచి వచ్చింది.

ప్రసోప్‌కు దెయ్యాల కథలంటే పడదు. పడదు అంటే అభిరుచి లేదని కాదు, భయం. బుధవారాలు వచ్చే కొత్త దెయ్యాల సీరియల్ మొదటి రోజున భార్య రాట్రీ పక్కన బుద్ధిగానే కూర్చున్నాడు. తడి జుట్టు దెయ్యం కిటికీలోంచి మొహం పెట్టేసరికి చేతిలోని చేప ఉండల గిన్నె పైకప్పుకు తగిలింది. లేచి టీవీ ప్లగ్గు పీకేసి, "నా ఇంట్లో దెయ్యాలకి చోటు లేదు!" అని ప్రకటించాడు. "అయితే బుధవారం సాయంత్రాలు నాకూ లేనట్టే," అని రాట్రీ చెప్పులు వేసుకుని ఎదురుగా ఉన్న సెలూన్‌కు వెళ్ళిపోయింది. అక్కడ గోడంత టీవీ ఉంది.

అది జరిగి ఎనిమిది వారాలు. ప్రతి బుధవారం ప్రసోప్ పొయ్యి వెనక నిలబడి అద్దాల తలుపులోంచి అటే చూస్తాడు. క్షవరం కుర్చీలో రాణీలా తన భార్య. కుర్చీ వెనక వితూన్. అతను భార్య పోయాక పక్క జిల్లా రాత్చబురి నుంచి వచ్చి ఇక్కడ దుకాణం పెట్టినవాడు, జుట్టుకు నూనె రాసి నున్నగా దువ్వుకునేవాడు. ప్రసోప్ నెత్తిన దువ్వడానికి మిగిలింది బహు తక్కువ. కాసేపటికోసారి వితూన్ ఆ కుర్చీని గిర్రున తిప్పుతాడు. లోపలి నుంచి కేకలు, వెంటనే నవ్వులు. సీరియల్లో ఎవరు చచ్చినా ఇద్దరికీ నవ్వేనా? ఆ నవ్వు వినిపించినప్పుడల్లా ప్రసోప్ పులుసులో ఉప్పు రెండోసారి వేసేవాడు.

అంతకన్నా బాధ పెట్టింది ఒక పిలుపు. "పీ" అన్న మాట వాళ్ళ భాషలో చిన్నదే కాని దాని సంసారం పెద్దది. గొంతు దించి అంటే అన్నయ్య. అదే పిలుపుతో పెళ్ళాం మొగుణ్ణి ముద్దుగా పిలుస్తుంది. గొంతు పైకి లేపి అంటే దెయ్యం. పెళ్ళయినప్పటి నుంచి రాట్రీ నోట ఆ ముద్దు పిలుపు తనదే. ప్లగ్గు పీకిన రోజు నుంచి తను "ఇదుగో" అయిపోయాడు, ఎదుటివాడు "పీ వితూన్" అయ్యాడు. మర్యాదకి అన్నయ్య అంటోందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంటే మనసు వినలేదు.

గుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నైవేద్యంగా ఎర్ర సోడా సీసాలో స్ట్రా వేసి, బంతిపూల దండ పెట్టాడు. వెనకాల బారులో మరో నలుగురున్నారు. ఇంటిగుట్టు కదా, గుసగుసగా మొదలుపెట్టాడు.

"తాతా, పీ మా ఆవిణ్ణి పట్టుకున్నాడు. బుధవారం వస్తే ఆవిడ ఇంట్లో నిలవట్లేదు."

గుసగుసలో ఇంకేముంటుంది, గాలే. గొంతు దించడమూ లేదు, లేపడమూ లేదు. పక్కన ఊడుస్తున్న గుడి పెద్దావిడ, పిన్ అమ్మమ్మ, చీపురు ఆపేసింది. ఆవిడా వంగి గుసగుసగానే అడిగింది.

"ఎన్నాళ్ళయిందిరా?"

"ఎనిమిది వారాలు అమ్మమ్మా."

"మగ పీయేనా?"

"మగాడే, అదే కదా నా ఏడుపు. జుట్టుకి నూనె కూడానూ."

"ఎక్కడ పట్టుకున్నాడు?"

"మా ఎదుటి సెలూన్లో. ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది. వాడు వెనకాల నిలబడతాడు. అద్దంలో చూస్తే కనబడతాడు."

అమ్మమ్మ మెడలోని తాయెత్తును గట్టిగా పట్టుకుంది. "ఎక్కడివాడో తెలిసిందా?"

"రాత్చబురి. పెళ్ళాం పోయాక ఇటొచ్చాడు."

"ఏమైనా తింటున్నాడా?"

"అరటిపండు బజ్జీలు. మా ఆవిడే పట్టుకెళ్ళి పెడుతుంది."

"అదీ సంగతి! తిండి పెట్టి అలవాటు చేసింది. ఇంక పొమ్మంటే పోతాడా?"

"పోడు అమ్మమ్మా!" అన్నాడు ప్రసోప్. ఎనిమిది వారాల్లో తన బాధ ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషి ఇదే మొదటిసారి దొరికింది. కళ్ళు చెమర్చాయి.

"అయితే ఈ సోడాలతో పనవ్వదురా. నీకు నొప్పి పుట్టేది ఏదైనా మొక్కుకో."

ప్రసోప్ ఆవేశంలో ఉన్నాడు. ఆవేశంలో మొక్కే మొక్కులకు వడ్డీ ఎక్కువని అప్పుడు తోచలేదు. "తాతా! వాణ్ణి తరిమేసి మా ఆవిణ్ణి నా పక్కన కూర్చోబెట్టు. వచ్చే బుధవారం ఆ సీరియల్ ఆఖరి భాగం నీ గుడి ముందు తెర కట్టించి చూపిస్తాను. నేనూ కూర్చుంటాను. కళ్ళు మూసుకోను!"

ఎముకల సంచితో సందులోకి తిరిగి వచ్చేసరికి వాతావరణం మారిపోయింది. ప్రసోప్ కన్నా కబురే ముందు నడిచింది. దుకాణంలో రాట్రీ గిన్నె అందిస్తే జనం రెండు చేతులా వినయంగా తీసుకుంటున్నారు. కారం ఎక్కువైనా ఎవరూ కిక్కురుమనడం లేదు. "ఏమైందివాళ అందరికీ?" అని ఆమె ఆశ్చర్యపోయింది. ఒంటి మీద ఉన్నవాడు వింటాడని ఆమె మొహాన ఎవరూ చెప్పరు కదా!

అరటిపండు బజ్జీల చమోయ్ అక్క మాత్రం ప్రసోప్‌ను పొయ్యి వెనక్కి లాగింది. "తమ్ముడూ, అంతా విన్నాను. సిగ్గుపడకు. మంచి మంచి ఇళ్ళల్లోనే ఇలాంటివి జరుగుతాయి."

ప్రసోప్ తల దించుకున్నాడు. సందంతటికీ తెలిసిపోయిందన్నమాట.

"మా చెల్లెల్నయితే ఒకేసారి ముగ్గురు పట్టారు," అంది చమోయ్.

"ముగ్గురా!" ప్రసోప్ చేతిలో గరిటె జారింది. "మీ మరిది ఊరుకున్నాడా?"

"ఎందుకూరుకుంటాడు? మంత్రించిన బెత్తంతో బాదించాడు. ఇద్దరు వెంటనే పోయారు. మూడోవాడు మాత్రం ఉడకబెట్టిన కోడి తిని గాని కదల్లేదు."

"వాడికి భోజనం కూడా పెట్టారా?"

"మరి? మర్యాదగా సాగనంపాలి తమ్ముడూ. పాపం, వాళ్ళకీ మనసుంటుంది."

ఆ మరిది సహనం ముందు ప్రసోప్‌కు తన అసూయ మొదటిసారి చాలా చిన్నదనిపించింది. అయినా తగ్గలేదు.

మధ్యాహ్నం పిన్ అమ్మమ్మ సెలూన్ చుట్టూ తెల్లటి మంత్రపు దారం కట్టి వెళ్ళింది. భోజనానికి వెళ్ళిన వితూన్ తిరిగొచ్చి తన దుకాణాన్ని చూసి బిత్తరపోయాడు. ప్రసోప్ గరిటె పట్టుకుని చెవులు రిక్కించాడు.

"ఇదేంటక్కా?" అన్నాడు వితూన్.

చమోయ్ బండిని రెండడుగులు వెనక్కి జరిపింది. "నీ దుకాణంలో దెయ్యం ఉందట నాయనా. మగది. రాత్చబురి నుంచి వచ్చిందట."

"రాత్చబురి నుంచా?"

"జుట్టుకి నూనె రాసుకుంటుందట. కుర్చీ వెనకాల నిలబడుతుందట. నీ అద్దంలో కనిపిస్తుందట. పెళ్ళాం ముందే పోయిందట పాపం."

వితూన్ చెయ్యి మెల్లగా జుట్టు మీదికి వెళ్ళింది. వేళ్ళకు నూనె అంటింది. ముందుకు వంగి తలుపు అద్దంలోకి చూశాడు. చమోయ్ చెప్పిన దెయ్యం అక్షరాలా అక్కడే ఉంది, వితూన్‌కేసే చూస్తోంది. చేతిని గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది కాని, దెయ్యాలకు నొప్పి పుట్టదని ఎవరు చెప్పారు?

"అది ఏం తింటుందక్కా?" అని అడిగాడు.

"నా బజ్జీలేనట."

వితూన్ మోటారుబండి ఎక్కి, రాత్చబురిలో ఉన్న అక్కగారింటికి ఉడాయించాడు.

తాతగారు ఇంత చురుగ్గా పని చేస్తారని ప్రసోప్ అనుకోలేదు. గుడి ఉన్న దిక్కుకు తిరిగి గరిటెతోనే దండం పెట్టాడు.

ఆ వేళా బుధవారమే. సాయంత్రం రాట్రీ బజ్జీల పళ్లెంతో సందు దాటింది. సెలూన్ తలుపు మూసి ఉంది, దాని చుట్టూ దారం. తిరిగి చూసేలోపు పిన్ అమ్మమ్మ మంత్రజలం బిందె ఎత్తి ఆమె నెత్తిన కుమ్మరించింది.

"బయటికి రారా రాత్చబురివాడా!"

"ఎవరు అమ్మమ్మా? ఎక్కణ్ణించి?" రాట్రీ ఉక్కిరిబిక్కిరైంది.

"నీలోంచే! నిన్ను పీ పట్టుకున్నాడని నీ మొగుడే పొద్దున తాతగారితో మొరపెట్టుకున్నాడు."

రాట్రీ తడి జుట్టుతో ప్రసోప్‌కేసి తిరిగింది. అచ్చం సీరియల్లో దెయ్యంలాగే ఉంది. ప్రసోప్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నన్ను దెయ్యం పట్టుకుందన్నావా?"

"దెయ్యం కాదు!" ప్రసోప్ అరిచాడు. ఈసారి గొంతు స్పష్టంగా దించి, సందంతా వినేలా అరిచాడు. "పీ! పీ వితూన్! అన్నయ్య వితూన్!"

పిన్ అమ్మమ్మ ఖాళీ బిందె కింద పెట్టింది.

"ఆ పీయా?" అంది పిన్ అమ్మమ్మ. "గుసగుసలో ఏ పీయో నాకెలా తెలుస్తుందిరా మొద్దూ!" చమోయ్ తన చెల్లెలి కథ ప్రసోప్‌కు ఎలా అర్థమై ఉంటుందో ఊహించుకుని బజ్జీల కన్నా ఎర్రబడింది.

రాట్రీ అరవలేదు. అరిచి ఉంటే ప్రసోప్‌కు తేలిగ్గా ఉండేది. "నాకూ దెయ్యాలంటే భయమే," అంది. "కథేమో కావాలి, ఒక్కదాన్నే చూడలేను. నువ్వేమో ప్లగ్గు పీకేశావు. ఆయనకి నాకన్నా భయం. దెయ్యం రాగానే నా కుర్చీ గోడవైపు తిప్పేసి ఆయన తువ్వాలు కప్పుకుంటాడు. గోడకేమో అద్దం. దెయ్యం అందులోనూ కనబడుతుంది. ఇద్దరం కెవ్వుమని, మా పిరికితనానికి మేమే నవ్వుకుంటాం. ఎనిమిది వారాల్నించి జరిగింది అదే." తడి జుట్టు పిండుకుంది. "అసలా దెయ్యం ఎందుకు దెయ్యమైందో తెలుసా నీకు? మొగుడు అనుమానించి చంపేశాడు."

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. ప్రసోప్ మరో అడుగు వెనక్కి వేశాడు. దెయ్యం భయం కొంత, సిగ్గు మిగతాది. భార్య పోతుందని భయపడి చేసిన పనితోనే ఆమెను పోగొట్టుకునేలా ఉన్నాడు.

"ఆయన్ని వెనక్కి పిలిపించు," అంది రాట్రీ. "అందాకా నీ పక్కన కూర్చునేది లేదు."

"మొక్కు సంగతి కూడా చూసుకో," అంది పిన్ అమ్మమ్మ. "ఏ పీ అయితేనేం, తాతగారు తరిమారు. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నారు."

ప్రసోప్ ఫోను చేస్తే వితూన్ చాలాసేపటికి ఎత్తాడు. "ఒక్కమాట నిజం చెప్పండి ప్రసోప్‌గారూ. నేను ఉన్నానా, పోయానా?"

"ఉన్నారు," అన్నాడు ప్రసోప్. ఆ మాట అనడానికి నిన్నటిదాకా అయితే నోరు వచ్చేది కాదు. "తప్పు నాది. వచ్చే బుధవారం రండి. బజ్జీలు నేనే కొంటాను."

తరవాతి బుధవారం పొద్దుగూకగానే గుడి ముందు తెర లేచింది. ముందు వరస కుర్చీలు తాతగారికి, ఆయన పరివారానికి. వాటిలో ఎవరూ కనబడలేదు, అయినా కూర్చునే ఉన్నట్టు అందరూ వాటి ముందు వంగి వంగి నడిచారు. రెండో వరసలో మధ్యన ప్రసోప్, కుడివైపు వితూన్. ఎడమవైపు కుర్చీ చాలాసేపు ఖాళీగా ఉంది. అదీ ఏ పరివారానిదో అనుకుని ప్రసోప్ అటు చూడడమే మానేశాడు. ఇంతలో రాట్రీ బజ్జీల పళ్లెంతో వచ్చి అందులో కూర్చుంది. ప్రసోప్ గుండె నిండిపోయింది. అంతలోనే తెర మీద దెయ్యం వచ్చి దాన్ని ఖాళీ చేసింది.

కళ్ళు మూసుకుందామంటే వెనక వరసలోంచి పిన్ అమ్మమ్మ చీపురు పుల్లతో పొడుస్తోంది. "మొక్కురా! కళ్ళు!" ప్రసోప్ కళ్ళు తెరిచే చూశాడు. తడి జుట్టు దెయ్యం అనుమానపు మొగుడి మంచం దగ్గరకు వచ్చి, వంగి, తెరంతా మొహమై నిలిచింది. ప్రసోప్ కెవ్వుమని పక్కనున్న చేతిని పట్టుకున్నాడు. ఆ చెయ్యీ తన చేతిని గట్టిగా పట్టుకుంది. తొమ్మిది వారాల తరవాత దొరికిన చెయ్యి. భయంలోనూ ఎంత హాయిగా ఉందో! తరవాత వచ్చిన శవాలన్నిటినీ ఆ ధైర్యంతోనే చూశాడు. ఒకచోట దెయ్యం మీద జాలితో ఏడ్చాడు కూడా.

"కాస్త వదులుగా పట్టుకోండి," అన్నాడు వితూన్. "రేపు కత్తెర పట్టాలి."

ప్రసోప్ ఉలిక్కిపడి చూసుకున్నాడు. ఎడమవైపు రాట్రీ రెండు చేతులూ బజ్జీల పళ్లెం మీదే ఉన్నాయి. ఆమె తెరను చూడడం లేదు. పెనవేసుకున్న ఆ రెండు చేతులకేసి చూస్తోంది. పొయ్యి వెనక తను ఎనిమిది వారాలు ఎలా చూశాడో అలాగే చూస్తోంది. పెదవి బిగించి, పళ్లెం పక్కకు పెట్టి, వంగింది.

"పీ," అని గుసగుసగా పిలిచింది.

అన్నయ్యనో, మొగుణ్ణో, తెర మీదున్నదాన్నో చెప్పడం కష్టం. అందరికన్నా ముందు "ఆఁ" అన్నది మాత్రం ప్రసోపే.