సగటు పెరిగిన బడి

1978 జూలై పదిహేడు, సోమవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక మన ప్రాథమిక విద్య బాగుపడింది. చరిత్రకారులు ఈ తేదీని పట్టించుకోలేదు గానీ, లింగమూర్తి సారు మరిచిపోలేదు. ఆ రోజు జిల్లా ఫలితాభివృద్ధి అధికారి వెంకట్రాజం గారు కాజీపేటలో రైలు దిగి, రిక్షాలో వరంగల్‌లో సారు బడి ఉన్న నేతగాళ్ల వాడకు వచ్చి, కోడికూరతో జొన్నరొట్టెలు తిన్నారు. (ఎన్ని తిన్నారో రాయడం మర్యాద కాదు.) సారు ఇంట్లో వండిపెట్టే మనిషి కాలం చేసి నాలుగేళ్లయింది కాబట్టి, కూర పక్కింటి మొగిలమ్మ చేసి పంపింది.

చేయి కడుక్కొని అధికారి గారు బడి చూశారు. ఒక గది, దానికో అరుగు, ఒక ఉపాధ్యాయుడు, నలభై మంది పిల్లలు. మూడో తరగతి వరుసలో మొగిలమ్మ బిడ్డ అనసూర్య గోడకు ఆనుకొని నిద్రపోతోంది. కోడి కూయకముందే లేచి తండ్రి మగ్గానికి నూలు కండెలు చుట్టి వచ్చే పిల్ల. అన్నం తిన్నాక ఒక గంట ఆమెను లేపకూడదన్నది ఆ బడిలో ఎవరూ రాయని నియమం. ఆ గంటలో మిగతా పిల్లలు ఎక్కాలు కూడా గొంతు తగ్గించి చదివేవారు.

"మీ బడి సగటెంత?" అన్నారు అధికారి గారు.

"ముప్పై ఎనిమిది సార్."

"పెంచాలి."

"చెప్తనే ఉన్న సార్. కొందరికి జర ఆలస్యంగ వస్తది."

"చెప్పడం మాట కాదండీ. సగటు మాట. చదువు చెప్పడం వేరు, సగటు పెంచడం వేరు. ఈ రెండూ కలిపే మనం ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నాం."

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. సగటు కన్నా తక్కువ మార్కులు వచ్చే పిల్లల వల్లనే సగటు తగ్గుతోందని శాఖ లోతుగా పరిశోధించి కనుగొన్నది. కావున నెలనెలా పరీక్ష పెట్టి, అట్టివారి పేర్లు హాజరుపట్టీ నుంచి తొలగించాలి. తొలగించబడిన బాలబాలికలు తరగతి గదిలో కూర్చోరాదు.

మొదటి పరీక్షలో అనసూర్యకు పద్దెనిమిది మార్కులు వచ్చాయి. మధ్యాహ్నం పెట్టిన పరీక్ష కాబట్టి, అందులో సగం సేపు ఆమె నిద్రలో ఉంది. నిద్రతో పోల్చితే మార్కులు బాగానే వచ్చాయని సారు అనుకున్నాడు. ఉత్తర్వులో అటువంటి పోలిక లేదు.

సాయంత్రానికి మొగిలమ్మ వచ్చింది.

"ఏంది సారూ, నా బిడ్డ పేరు కొట్టేసిండ్రట? నేను పంపిన కూర పడలేదా ఆయనకు?"

"కూర మస్తుగున్నదన్నడమ్మా."

"మరి పిల్ల మంచిగ లేదా?" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. "పేరు పోయిందని తెలిస్తె వాళ్ల నాయిన పొద్దుందాక రాట్నం ముందటనే కూసోవెడ్తడు. ఇగ లేవనియ్యడు. ఈ ఒక్క దిక్కన్న రానియ్యి సారూ."

లింగమూర్తి సారు ఉత్తర్వును మళ్లీ చదివాడు. గది గురించి ఉంది. అరుగు గురించి ఒక్క ముక్క లేదు. (ప్రభుత్వ ఉత్తర్వుల్లో దయ ఉంటుంది. అవి మరిచిపోయిన చోట ఉంటుంది.)

మర్నాటి నుంచి అనసూర్య, మరో పదిహేడు మంది అరుగు మీద కూర్చున్నారు. సారు గడప మీద నిలబడ్డాడు. కుడి ముఖం లోపలి వాళ్లకు, ఎడమ ముఖం బయటి వాళ్లకు. సగటు యాభై దాటింది. శాఖ అభినందించింది.

అయితే సగటుకు ఒక గుణముంది. కిందివాళ్లను తీసేస్తే అది పైకి లేస్తుంది. లేచి చూస్తే దాని కింద మళ్లీ కొందరు కనిపిస్తారు. మొన్నటిదాకా బాగా చదివేవాళ్లే, ఈ నెల నుంచి మొద్దులు. ఆగస్టులో కొందరు, సెప్టెంబరులో కొందరు, పద్ధతి ప్రకారం బయటికి వచ్చారు. గదిలో బల్లలకు విశ్రాంతి దొరికింది. అరుగు మీద గచ్చు మాత్రం చలికాలం వచ్చేసరికి కాళ్లు కొరికేది.

ఆ వాడలో ఒక ఆచారముంది. రంగు తప్పిందనో, అంచు వంకర పోయిందనో సరుకు కొనే సేఠు వాపసు చేసిన జంపఖానాను ఎవరూ ఇంట్లో పరుచుకోరు, బడికి ఇస్తారు. అవి స్టాకు రిజిస్టరులో లేవు కాబట్టి ప్రభుత్వ ఆస్తి కావు, కాబట్టి బయటికి రావచ్చు. వాపసు వచ్చిన జంపఖానాల మీద వాపసు వచ్చిన పిల్లలు వెచ్చగా కూర్చున్నారు.

"మా ఆయనకు చెప్పకుండ్రి సారూ," అన్నది మొగిలమ్మ, ఒకరోజు అటు పోతూ. "పిల్ల బడిలనే ఉన్నదనుకుంటాండు."

"బడిలనే ఉన్నదమ్మా. గదిల లేదంతే."

మార్చిలో అధికారి గారు తనిఖీకి వచ్చేసరికి గదిలో రాయమల్లు ఒక్కడే మిగిలాడు. ఆఖరి పరీక్షలో వాడికి నూటికి నూరు. సగటూ నూరే. సగటుకు తక్కువైనవాడు లేడు, ఎక్కువైనవాడూ లేడు. అధికారి గారి కళ్లు చెమర్చాయి.

"సార్, నేను గుడ తప్పు రాస్త. నన్ను గుడ బయటికి పంపుండ్రి," అన్నాడు రాయమల్లు.

"ప్రతిభ గలవాళ్లకు ఒంటరితనం తప్పదు నాయనా. ఏడు ఎనిమిదులు?"

రాయమల్లు కిటికీలోంచి బయట ఆడుకునే పిల్లలను చూస్తున్నాడు.

"యాభై ఆరు," అన్నది అరుగు మీది నుంచి అనసూర్య.

"ఎవరామె?"

"తొలగించిన పిల్ల సార్," అన్నాడు లింగమూర్తి సారు. ఆయన ముఖం వెలిగింది. "ఇప్పుడు ఎక్కాలన్నీ వచ్చినయి. దాని పేరు మళ్ల రాసుకుంట."

"రాస్తే కొత్తగా చేరినట్టు. కొత్తగా చేరినవాళ్లకు పాత మార్కులు సున్నా. మీ సగటు యాభైకి పడుతుంది." అధికారి గారు సారు భుజం మీద చేయి వేశారు. "ఒక్క పిల్ల కోసం బడిని పాడు చేసుకుంటారా? పైగా ఆ జవాబు గది బయట వచ్చింది. లెక్కకు రాదు."

ఆ ఏడు జిల్లాలో ఉత్తమ ఫలితం ఆ బడిదే. ఫలితాలు ఇంత బాగున్న చోట గది ఖాళీగా ఉండటం శాఖకు నచ్చలేదు. జూన్‌లో ఫలితాభివృద్ధి కార్యాలయం అందులోకి వచ్చింది. రాయమల్లు పేరు గది లేనందున తొలగించారు. వాడు గంతులేసుకుంటూ జంపఖానా మీదికి వచ్చాడు. నూరు మార్కులు మాత్రం ఫైలులో భద్రంగా ఉంచారు.

బడి తెరిచిన మొదటి రోజు సాయంత్రం, పిల్లలందరూ వెళ్లిపోతుంటే సారు అనసూర్యను ఆపాడు.

"రేపు వస్తవా బిడ్డా?"

"వస్త సార్."

"రాకుంటె నాయిన కండెలు చుట్టమంటడా?"

"వచ్చినా చుట్టమంటడు సార్. పొద్దుగాల చుట్టే వస్తాన." ఆవులించింది. "అన్నం తిన్నంక జర పండుకోనిస్తరు గద?"

"పండుకో. నీ పేరు లేదు గద, ఎవలడుగుతరు?"

పిల్ల వెళ్లిపోయింది. కార్యాలయం తాళంచెవి రాత్రిళ్లు సారు దగ్గరే ఉంచాలని కొత్త నియమం. ఆయన లోపలికి తొంగి చూశాడు. పిల్లలు కూర్చునే బల్లల మీద ఫైళ్లు వరుసగా ఉన్నాయి. ఒక్కటీ అల్లరి చేయడం లేదు, ఒక్కటీ నిద్రపోవడం లేదు. రికార్డు ప్రకారం ఇప్పుడు ఆ బడిలో చదువురాని పిల్ల ఒక్కతీ లేదు.

వానకు తడవకూడనివన్నీ లోపలే ఉన్నాయని చూసుకొని, లింగమూర్తి సారు చప్పుడు కాకుండా తలుపు మూశాడు.