న్యూరాన్ పలికింది

మార్జాన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నంలోగా ఒక్క న్యూరాన్ చేత సమయానికి జవాబు చెప్పించాలి. అల్మాటీలోని ఆ పరిశోధనాలయంలో ఆమె గది మీద పక్క క్యాంటీన్ వాళ్ల కన్ను పడి ఏడాదైంది. చూపించడానికేమీ లేకపోతే గోడ కొట్టించి గదిని క్యాంటీన్‌లో కలిపేస్తానని డైరెక్టర్ సపార్‌గలీ తేల్చేశాడు. పన్నెండింటికి వస్తాడు. గది పోతే నాలుగేళ్ల చాకిరీ మంటగలిసినట్టే.

మత్తులో ఉన్న ఇసుక ఎలుక మధ్యమెదడులో సన్నటి తీగ దింపింది. చెవి దగ్గరి స్పీకరు టక్కుమన్న ప్రతిసారీ, సరిగ్గా ఒకే వ్యవధి తర్వాత న్యూరాన్ పలకాలి. వారం రోజులుగా దొరికినవన్నీ బుద్ధి పుట్టినప్పుడు పలికే రకాలే.

పదకొండున్నరకు, న్యూరాన్ పలుకును చప్పుడుగా వినిపించే యంత్రంలోంచి చిట్, చిట్, చిట్ మని వినిపించింది. ఒక్కటీ లయ తప్పడం లేదు. మార్జాన్ నోరు తెరిచేలోపే ముసలి టెక్నీషియన్ ఎర్మెక్ డైరెక్టర్ గదికి పరుగు తీశాడు.

"సుయిన్షి, సపార్ అగా. మన న్యూరాన్ పలికింది."

అగా అంటే అన్నగారు. మంచి కబురు తెచ్చినవాడు సుయిన్షి అన్నాక విన్నవాడు ఏదో ఒకటి ఇచ్చి తీరాలి, మళ్లీ వెనక్కి అడగకూడదు. డైరెక్టర్ తన నక్కతోలు టోపీ ఇచ్చేశాడు. ఆ ఊపులో పై ఆఫీసుకు ఫోన్ చేసి తానూ సుయిన్షి అన్నాడు. వాళ్లు పరిశోధనకు కొత్త యంత్రం మాటిచ్చేశారు. తర్వాత క్యాంటీన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"గది మీద ఆశ వదులుకో కుల్యాష్. పదిమందికి విందు చెయ్యి."

"నన్ను ఓడించిన ఆ మహానుభావుడెవరో ఒక్కసారి చూడనివ్వండి అగా," అంటూ వంటావిడ పిండి చేతులతోనే వచ్చింది.

అందరూ గదిలో చేరారు. యంత్రం మూగబోయింది.

"సిగ్గుపడుతోందా?" అన్నాడు డైరెక్టర్.

మార్జాన్ వంగి చూసింది. స్పీకరు ప్లగ్గు నేల మీద ఉంది. దాని చోట టీ కెటిల్ ప్లగ్గుంది.

"పొద్దున చలేసిందమ్మా," అన్నాడు ఎర్మెక్, టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

మార్జాన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ప్లగ్గు మార్చి స్పీకరును టక్కుటక్కుమనిపించింది. న్యూరాన్ ఉలకలేదు, పలకలేదు.

"నన్ను ఓడించింది ఇదా. నూడుల్స్ పిండి ఎండిపోతోంది, నే పోతా. గోడ రేపే కొట్టించండి అగా," అని కుల్యాష్ వెళ్లిపోయింది.

అర నిమిషానికి చిట్, చిట్, చిట్. అందరూ గోడ వైపు తిరిగారు. అవతల చెక్క మీద కత్తి టకటకా నూడుల్స్ కోస్తోంది. మార్జాన్ గోడకు మైకు ఆనించి లెక్క చూసింది. ప్రతి కోతకూ సరిగ్గా ఎనిమిది మిల్లీసెకన్ల తర్వాత న్యూరాన్ పలుకుతోంది. వందకు వంద.

"దీనికి కత్తి చప్పుడే నచ్చింది అగా, అదీ గోడ అవతలి నుంచి. సమయం మాత్రం వెంట్రుకవాసి తప్పడం లేదు," అంది.

పై ఆఫీసు మాట గుర్తొచ్చి డైరెక్టర్ తడుముకోలేదు. "ఆ గోడ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కుల్యాష్ కత్తి ఇవాళ్టి నుంచి పరిశోధనాలయం పరికరం."

మార్జాన్ సంతోషం పట్టలేక పరిగెత్తుకెళ్లి ఆ మాట కుల్యాష్ చెవిన వేసింది.

మర్నాటి నుంచి క్యాంటీన్‌లో కుల్యాష్ కత్తి ముట్టకుండా నూడుల్స్ చేత్తో తుంచి వేస్తోంది.