హెడ్మాస్టారింటికి గోదావరి నీళ్ళు

ఆ రోజు చంద్రరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న ఆరో తరగతికి నదుల పాఠం చెప్పేయాలి, మధ్యాహ్నం హెడ్మాస్టరు అప్పాజీగారి చేత రిలీవ్ చేయించుకోవాలి, సాయంత్రం నిడదవోలు బస్సెక్కాలి. నిడదవోలుకు బదిలీ అయి ఆరు నెలలైంది. అక్కడ భార్య సత్యశ్రీ, పాకే వయసు కూతురు ఉన్నారు. ఆ పిల్ల తండ్రిని చూస్తే ఎవరో అనుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. ఈ గోదావరి గట్టు ఊళ్ళో అప్పాజీగారేమో, "మీ బదులు ఇంకో మాస్టారు రావాలి కదండీ" అంటూ వదిలిపెట్టలేదు. నిన్ననే కాస్త మెత్తబడ్డారు. ఈ రోజు జ్వరమని బడికి రాలేదు. ఇంటికే వెళ్ళి సంతకం పెట్టించుకుందాం అనుకున్నాడు చంద్రరావు.

పాఠం సాగలేదు. "మన పొలాల్లోకి ఈ మట్టి ఎలా వచ్చిందర్రా?" అని అడిగితే, "ట్రాక్టరు మీదండి" అన్నారు పిల్లలు. చంద్రరావు ప్రాణం ఉసూరుమంది. ఆగస్టు నెల, గోదావరి ఎర్రగా పారుతోంది. ఆ నీళ్ళు సీసాలో పట్టి కదపకుండా ఉంచితే అడుగున ఒండ్రు పేరుకుంటుంది, నది మనకేం పెడుతోందో వెధవలు కళ్ళారా చూస్తారు.

"అన్నాలకెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ చేత తలో సీసా గోదావరి నీళ్ళు పట్టించండి. నేను హెడ్మాస్టారింటి దగ్గరుంటాను, అక్కడికి తెచ్చేయండి" అన్నాడు.

ఆ తరగతిలోని సాయిదుర్గ ఇంటికి పరిగెత్తింది. "అమ్మా, హెడ్మాస్టారింటికి గోదావరి నీళ్ళంట! తొందరగా తెమ్మన్నారు."

తల్లి రత్నమాణిక్యం చేతిలో గరిటె జారిపోయింది. "జొరమే అన్నారు కదే! నోట్లో నీళ్ళు పోసేదాకా వచ్చిందా?" అంటూ తులసికోటలో నాలుగాకులు తుంచి, ఏడుస్తూ బయల్దేరింది.

ఆ ఏడుపు వీధి మలుపు తిరిగేసరికి హెడ్మాస్టారికి మాట పడిపోయింది. ప్రెసిడెంటు పోతురాజుగారి గుమ్మం చేరేసరికి ఆయనకు ఇక గంటే టైముంది.

చంద్రరావు భోజనం చేసి వచ్చేసరికి అప్పాజీగారి వాకిట్లో ఊరంతా ఉంది. మాత్ర వేసుకుని నిద్రపోతున్న ఆయన నోట్లో పోతురాజుగారు తులసినీళ్ళు పోస్తున్నారు. ఆయన ఉక్కిరిబిక్కిరై ఏదో గొణిగితే, అవే ఆఖరి మాటలని ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"బడికి రెండు గదులు కట్టిస్తానని ఆరేళ్ళు తిప్పేను మాస్టారూ! ఊరి సాక్షిగా కట్టించేస్తాను. మీరు బెంగెట్టుకోకండి!" అని బావురుమన్నారు పోతురాజుగారు.

"నదుల పాఠం కోసమండీ! ఆ నీళ్ళు పాఠం కోసం!" అని చంద్రరావు గొంతు చించుకున్నాడు. పాపం, దుఃఖంతో మతి పోయిందని ఎవరో అతన్ని పక్కన కూర్చోబెట్టారు. ఈ పరాభవం తర్వాత హెడ్మాస్టరు జన్మలో రిలీవ్ చెయ్యరు. అరుగు మీద వరసగా పెట్టిన సీసాల్లో నీళ్ళు తేరుకుని, అడుగున ఒండ్రు చక్కగా దిగింది. చూడ్డానికి ఒక్క పిల్లా లేదు. హెడ్మాస్టారు పోతున్నారు కాబట్టి సెలవేననుకుని ఆటలకు పోయారు.

అప్పాజీగారు ఒక కన్ను తెరిచి చంద్రరావును చూశారు, పోతురాజుగారిని చూశారు, మళ్ళీ కన్ను మూసుకున్నారు. "పునాది... రేపే..." అని నీరసంగా మూలిగారు.

మర్నాడు ఇటుకల లారీ దిగింది. అప్పాజీగారూ లేచి కూర్చున్నారు. తులసి మహిమ అన్నారు అందరూ. చంద్రరావు తిట్లకు సిద్ధపడి, తల వంచుకుని వెళ్ళాడు. ఆయన ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు.

"ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగినా నా వల్ల కాలేదు. మీరు సీసా నీళ్ళతో సాధించేరు! మీలాంటి మాస్టార్ని ఎలా వదులుకుంటానండీ? గదులయ్యాక ప్రహరీ గోడ ఉంది, అది కూడా మీ చేతుల మీదే అవ్వాలి."

సాయంత్రం చంద్రరావు ఎస్టీడీ బూత్ నుంచి నిడదవోలుకు ఫోన్ చేసి, ఇప్పట్లో రాలేనన్నాడు.

"ఏంటండీ, గోదావరికి వరదొచ్చిందా?" అని కంగారుపడింది సత్యశ్రీ.

రాలేదనీ, మునిగింది తానొక్కడేననీ చెప్పి పెట్టేశాడు.